బిడ్డ చొక్కా ఎత్తి చూడండి

మా ముందు బల్ల మీద ఒక చీటీ ఉంది. సర్కారు ఆసుపత్రి ఓపీ చీటీ. మీద ఒక ఆడపిల్ల పేరు, వయసు ఏడు నెలలు. కింద జలుబు, దగ్గు అన్న రెండు మాటలు, ఒక సిరప్ పేరు. అంతే. ఆ చీటీ రాసిన రోజు రాత్రే ఆ బిడ్డ పెద్దాసుపత్రికి పోయే దారిలో, ఆటోలో, తల్లి ఒళ్లోనే పోయింది.

ఏ ఊరో, ఏ ఆసుపత్రో ఇక్కడ రాయడం లేదు. ఆ తల్లి రాయొద్దంది. రేపు ఇంకో బిడ్డకి ఒళ్లు కాలితే మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాల్సింది తనే గదా. మిరపకోతలకి పోయే మనిషి. ఆ రోజు కూలి మానుకుని పొద్దున్నే పోయి వరసలో నిలబడింది. మాలో ఒకరు పలకరించడానికి పోతే ఆమె చెప్పింది ఇది: ‘‘అన్నా, వాళ్లు బల్లకి అవతల కూసున్నారు. నేను ఇవతల నిలబడ్డా. పిల్లని ఎత్తి చూపిచ్చా. ఏ వాడ మీది అనడిగారు. చెప్పినా. చీటీ రాసి బల్ల మీద పడేశారు. పిల్ల ఒంటిమీద గుడ్డ గూడా తియ్యలా.’’

గుడ్డ తియ్యలేదన్న ఆ మాట మమ్మల్ని ఈ పక్షమంతా నిద్రపోనివ్వలేదు. అదేదో మర్యాద విషయం కాదు. అది వైద్యం విషయం.

జలుబు చేసిన బిడ్డా దగ్గుతుంది, నెమ్ము చేసిన బిడ్డా దగ్గుతుంది. ఇద్దరికీ ఒళ్లు కాలొచ్చు. తేడా ఊపిరిలో ఉంటుంది. నెమ్ము చేరినచోట ఊపిరితిత్తుల్లో గాలి ఆడదు. ఆడినంత మేరతోనే ఒంటికంతటికీ సరిపెట్టాలి గనుక బిడ్డ గబగబా ఊపిరి తీస్తుంది. ఇంకా ముదిరితే గాలి పీల్చినప్పుడల్లా రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోతుంది. దీన్నే మన అమ్మలు డొక్కలెగరేస్తోంది అంటారు. డాక్టర్ల పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి గానీ, మా అవ్వ మాట కంటే సరిగ్గా చెప్పే మాట వాటిల్లో మాకు కనపడలేదు.

పాపువా న్యూగినీలో, ఎక్స్‌రే మిషన్లు అందని జనం మధ్య పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు, ఆయన తోటివాళ్లు 1984లో ఒక పరిశోధన అచ్చేశారు. ఊపిరి లెక్కపెట్టి, డొక్కలు చూసి, ఏ బిడ్డకి మందు వేయాలో, ఏ బిడ్డని ఆసుపత్రిలో చేర్చాలో తేల్చుకోవచ్చని దాని సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దారే పట్టింది. మన దేశంలో ఏఎన్ఎంలకీ, ఆశాలకీ నేర్పుతున్నదీ అదే. రెండు నెలలు నిండని పసికందు నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకి 40. ఈ మూడంకెలు వాడలో ప్రతి తల్లికీ నోటికి రావాలి. రేషన్ కార్డు నంబరు గుర్తుపెట్టుకునే వాళ్లకి ఇవి ఒక లెక్కా?

దీనికి సూది గుచ్చక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు. ఇప్పుడది ప్రతి ఫోన్‌లోనూ ఉంది. కాకపోతే రెండు పనులు తప్పనిసరి. బిడ్డ చొక్కా ఎత్తాలి. నిండా ఒక నిమిషం కళ్లు మరల్చకుండా చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే కుదరదు. పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా నడవదు, కాసేపు ఉరుకుతుంది, కాసేపు నిదానిస్తుంది.

ఆ ఏడు నెలల బిడ్డ ఊపిరి ఆ పొద్దున నిమిషానికి ఎంత? 48 అయితే డొక్కల సంగతి చూడాలి. 64 అయితే అప్పుడే మందు పడాలి, పెద్దాసుపత్రికి పంపాలా అని కూడా చూడాలి. ఏదీ మనకి తెలీదు. ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఉంటే బతికేదని మేము ప్రమాణం చేసి చెప్పలేం. కానీ లెక్కపెట్టకుండా జలుబు అని రాసిన చెయ్యికి ఆ మాట రాసే హక్కు లేదని మాత్రం చెప్పగలం.

ఒక్క చీటీని పట్టుకుని ఇంత గొడవేంటి అనేవాళ్లుంటారు. 2001-02లో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి అంటరానితనం మీద ఒక పెద్ద సర్వే చేశారు. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్ వగైరాలు దాన్ని 2006లో పుస్తకం చేశారు. మూడోవంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి అడుగుపెట్టడం లేదని అందులో ఉంది. తర్వాత 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ ఊళ్లలో దళిత పిల్లలనే అడిగి రాసిన అధ్యయనం వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా బయటపడిన వివక్ష ఏంటో తెలుసా? తాకడం దగ్గర. మందు చేతికివ్వకుండా పడేయడం, ముట్టుకోకుండా చూసి పంపేయడం. మన చీటీ కూడా బల్ల మీదే పడింది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండకుండా పోయే పిల్లలు ఎస్సీలలో వెయ్యికి 45 మంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని వాళ్లలో 32 మంది. ఈ తేడా అంతా ముట్టుకోకపోవడం వల్లే వచ్చిందని మేము అనం. కూలి దొరకని రోజులున్నాయి, తల్లికి నెత్తురు లేకపోవడం ఉంది, ఒకే గదిలో పొగపొయ్యి ఉంది, బస్సు రాని రోడ్డు ఉంది. కానీ ఇవన్నీ దాటుకుని ఆసుపత్రి బల్ల దాకా వచ్చిన బిడ్డ సంగతి వేరు. అక్కడ ఆ బిడ్డకీ వైద్యానికీ మధ్య మిగిలింది మూరెడు బల్ల.

చట్టం ఉందా అని అడుగుతున్నారు. ఉంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరుతో ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం నేరం. రానిచ్చాక లోపల తేడా చూపినా నేరమే. ఈ రెండో ముక్క చాలామంది కార్యకర్తలకి తెలీదు. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పేరు విడిగా రాసి మరీ ఉంది. అయితే కోర్టులో నిలబడాలంటే రుజువు కావాలి. చెయ్యి వెయ్యలేదని రుజువు చేయడం ఎట్లా? అందుకే చీటీ మీద అంకె అడగాలంటున్నాం. ఊపిరి లెక్క అంకె అక్కడుంటే చొక్కా ఎత్తినట్టు. లేకపోతే ఎందుకు లేదో చెప్పాల్సింది వాళ్లు. దొంగ అంకె వేస్తారా? వేస్తారు. అప్పుడు కనీసం వాళ్ల సంతకం కింద అబద్ధం ఉంటుంది.

ఏఎన్ఎంలనీ ఆశాలనీ తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆశాలలో మన ఆడవాళ్లు ఎంతమంది లేరు! చేసిన పనికి లెక్కకట్టి ఇచ్చే నాలుగు రాళ్ల కోసం ఎండలో తిరుగుతున్నారు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డని చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటిరోజు కూడా రావాలి, మొత్తం ఏడుసార్లు. వచ్చినప్పుడు బిడ్డని తూచాలి, జ్వరం చూడాలి, ఊపిరి చూడాలి, పాలు తాగుతోందా అని అడగాలి. ఇది మన హక్కు అని తెలిసిన ఇల్లు వాడలో ఎన్ని? ఆశా మన అక్కే అయితే ఆమె మీద అరవకండి. పక్కన కూర్చోండి, ఆ నిమిషం ఆమెకి దొరికేటట్టు చూడండి. పై కులపు ఆశా గడప బయటే నిలబడి రాసుకుపోతుంటే మాత్రం గట్టిగానే అడగండి.

‘చదువులేని వాళ్లు ఊపిరి లెక్కేం పెడతారు’ అనే మాట మన నాయకుల నోటి నుంచే విన్నాం. వాళ్ల కోసం గడ్చిరోలి సంగతి. మన ఆసిఫాబాద్, మంచిర్యాల వాళ్లకి ప్రాణహిత అవతలి ఒడ్డే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు 1988-89లో ఊళ్లల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలకీ, మంత్రసానులకీ పిల్లల న్యుమోనియా గుర్తుపట్టడం, మందు వేయడం నేర్పారు. మంత్రసానులకి అరవై దాకా లెక్క రాదు. అందుకని ఒక పరికరం చేశారు. ఒక నిమిషంలో కారిపోయే ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస దగ్గరికి వచ్చిందా, న్యుమోనియా. మందు వేయాలి. ఆ ఊళ్లలో న్యుమోనియాతో చనిపోయే పిల్లలు, ఈ ఏర్పాటు లేని పక్క ఊళ్లతో పోలిస్తే సగానికి పైగా తగ్గారు. 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అక్షరం రాని మంత్రసాని చేసిన పని డిగ్రీలున్న వాళ్లు బల్లకి అవతల కూర్చుని ఎందుకు చేయలేకపోయారు?

పూసలు లేకపోతే చింతగింజలున్నాయి. పదికి ఒక గింజ పక్కన పెట్టండి. ఏడాది లోపు బిడ్డ దగ్గర నిమిషం అయ్యేలోపు ఐదు గింజలు పడ్డాయంటే చంకనేసుకుని బయల్దేరాల్సిందే. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టొద్దు. నిద్రలో అయితే మంచిది. రెండు నెలల లోపు పసికందుకి 60 దాటితే ఇంకోసారి పెట్టి చూడాలి. డొక్కలెగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, తాగిందంతా కక్కేస్తుంటే, ఫిట్స్ వస్తే, పిలిచినా పలక్కుండా మగతగా పడి ఉంటే లెక్కలు పెడుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయాలి. డొక్క మీద వాతలు పెట్టే పెద్దలు మన వాడల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లని చులకన చేయకుండానే ఆ పని మాన్పించాలి.

ఇక నెత్తురు పారుదల సంగతి. జ్వరంలోనో, వాంతులు విరేచనాలతోనో నీరసించిన బిడ్డ చేతులు, కాళ్లు చల్లబడ్డాయంటే ఒళ్లు నెత్తుటిని గుండెకీ మెదడుకీ దాచుకుంటోందని అర్థం. బొటనవేలి గోరు నొక్కితే తెల్లబడుతుంది. వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. మూడు సెకన్లు దాటినా ఆ ఎరుపు తిరిగి రాలేదంటే, చెయ్యి చల్లగా కూడా ఉంటే, నాడి సన్నగా గబగబా కొట్టుకుంటుంటే, అది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. ఇదీ ఖర్చు లేని పరీక్షే. కాకపోతే బిడ్డ చెయ్యి పట్టుకోవాలి!

మిషన్లు వచ్చాయి గదా, ఇప్పుడింకా చొక్కా ఎత్తడం ఎందుకు అంటారు. నిజమే, 2020, 2021 కరోనా కాలంలో ఆక్సీమీటరు అన్న మాట మన పల్లెల్లోకీ వచ్చింది. వేలికి పెట్టే ఆ క్లిప్పులో రెండు వెలుగులుంటాయి. ఒకటి ఎరుపు, ఒకటి కంటికి కనపడని పరారుణం. ప్రాణవాయువు నిండిన నెత్తురు ఎర్రవెలుగుని బాగా పోనిస్తుంది. ప్రాణవాయువు తగ్గిన నెత్తురు దాన్ని మింగేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోకి నెత్తురు పొంగి తగ్గుతుంటే ఆ పొంగులో తేడాని మిషన్ పట్టుకుంటుంది. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో ఈ కిటుకు బయటపెట్టాడు. సూది లేకుండా నెత్తురులోని ప్రాణవాయువు తెలుసుకోవడం అంతకుముందు ఇంత సులువు కాదు. అది గొప్ప పనే. బిడ్డకి 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాలి, ఆసుపత్రిలో ఉంచాలి. ఆ మిషన్ మనకి కావాలి. పల్లె దవాఖానాల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ప్రతిచోటా ఉండాలి. ఉన్నా, పెద్దవాళ్ల వేళ్లకి చేసిన క్లిప్పు పసిబిడ్డ వేలికి పట్టదు. కాలికి చుట్టే మెత్తటి పట్టీ వేరే ఉంటుంది. అది అడగాలి. బిడ్డ కదులుతుంటే, చేతులు చల్లబడి ఉంటే అంకె తప్పు చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ మిషన్ గురించి ఇంకో సంగతి మన పత్రికలో రాయకపోతే ఎవరు రాస్తారు? ఆ వెలుగు చర్మంలోంచి పోవాలి. నల్లటి చర్మంలో ఉండే రంగు కూడా ఆ వెలుగుని కొంత మింగుతుంది. 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు ఒక లెక్క బయటపెట్టారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 దాకా చూపించి పర్లేదన్న పెద్దవయసు రోగుల్లో, నెత్తురు తీసి చూస్తే అసలు ప్రాణవాయువు 88 కంటే తక్కువున్న వాళ్లు తెల్లవాళ్లలో వందకి 3.6, నల్లవాళ్లలో 11.7. మూడింతలు. ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల మీద తర్వాత జరిగిన అధ్యయనాల్లోనూ ఇలాంటి తేడా కనపడింది. మిషన్‌కి ద్వేషం లేదు. దాన్ని సరిచూసినప్పుడు ఎవరి వేళ్లు పెట్టారన్నదే సంగతి. అమెరికా సర్కారు 2013లో పెట్టిన పద్ధతి ప్రకారం పది మంది మీద పరీక్షిస్తే అందులో నల్లని చర్మం వాళ్లు ఇద్దరుంటే సరిపోయేది. 2025 జనవరిలో గానీ, 150 మందికి తగ్గకుండా, అన్ని రంగుల వాళ్ల మీదా పరీక్షించాలన్న ముసాయిదా రాలేదు.

ఇక్కడ మన కుర్రాళ్లు కొందరు తొందరపడతారు, అందుకని ఒక మాట. కులానికి రంగు లేదు. నల్లని బ్రాహ్మలున్నారు, ఎర్రని మాదిగలున్నారు. కులం జాతి తేడా వల్ల రాలేదని బాబాసాహెబ్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలోనే వాదించారు. కాబట్టి ఆక్సీమీటరు అగ్రకుల మిషన్ అని నినాదాలు రాయొద్దు. నల్లగా ఉన్న ఏ బిడ్డకైనా, ఏ కులమైనా, మిషన్ 92 చూపిందని ఊరుకోకూడదు. డొక్కలెగురుతున్నాయా, ఊపిరి ఎంత అన్నది కూడా చూడాలి. అంతే సంగతి. మన నేలమీద ఎక్కువమంది నల్లవాళ్లమే గనుక ఇక్కడ అమ్మే మిషన్లని మన చర్మాల మీద సరిచూశారా అని కొనేముందు సర్కారు అడగాలి.

రక్తహీనత సంగతీ అట్లాంటిదే. మిషన్ చెప్పేది శాతం. ఉన్న నెత్తురులో ఎంత శాతం నిండిందో చెబుతుంది, నెత్తురు ఎంత బలంగా ఉందో చెప్పదు. సగం ఖాళీ బండి అయినా 98 చూపిస్తుంది. 2019-21 సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నెత్తురు తక్కువున్న వాళ్లు దేశంలో వందకి 67 మంది, తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. అందుకే బాగా పాలిపోయిన బిడ్డ విషయంలో 98 చూసి మురిసిపోవద్దు. కనురెప్ప కిందికి లాగి చూడాలి, అరచెయ్యి చూడాలి.

జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు బయట నిలబడే మన తల్లుల గురించి కూడా ఒక ముక్క. అద్దం అవతల బిడ్డ ఒంటికి వైర్లు, తెరమీద అంకెలు, మధ్యమధ్య కూత. ఏమీ అర్థంగాక ఆ కూతకల్లా గుండె జారిపోతుంటుంది. ఆ వైర్లు గుచ్చినవి కావు, అతికించినవి. ఒక అంకె గుండె కొట్టుకోవడం. కొత్తగా పుట్టిన బిడ్డకి అది మనకి మల్లే 70, 80 ఉండదు. 120 నుంచి 160 దాకా ఉండటం మామూలే. ఒకటి ఊపిరి. ఒకటి ప్రాణవాయువు. నెలలు నిండక పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకి దాన్ని కావాలనే 95 దాటనివ్వరు. మరీ ఎక్కువైతే కంటిచూపు పోయే ప్రమాదం ఉంది. వందకి వంద పెట్టించమని గొడవ పడొద్దు. ఆ అంకెలేంటో తల్లికి చెప్పండని మాత్రం అడగండి. నెలలు నిండని బిడ్డలు ఊపిరి తీయడం మర్చిపోతుంటారు. 20 సెకన్లు ఆగితే మిషన్ కూస్తుంది. కూసినప్పుడు లేచొచ్చే నర్సు ఉండాలి. ఒక్క నర్సమ్మకి ఇంతమంది పిల్లల్ని అప్పగించిన సర్కారుతో కొట్లాడాలి గానీ, ఆమెతో కాదు.

వచ్చే పక్షం పని ఇది. ప్రతి వాడలో ఇద్దరు ఆడవాళ్లని ఎంచుకోండి, చదువు వచ్చినా రాకపోయినా సరే. ఆదివారం అంబేద్కర్ బొమ్మ దగ్గర కూడినప్పుడు నిద్రపోతున్న ఒక చంటిబిడ్డని మధ్యలో పడుకోబెట్టి అందరూ చింతగింజలతో లెక్కపెట్టండి. ఎవరి లెక్క ఎంత వచ్చిందో పోల్చుకోండి. మొదట కలవదు. నాలుగుసార్లు చేస్తే కలుస్తుంది. మగవాళ్లూ నేర్చుకోవాలి. పిల్లల ఊపిరి ఆడవాళ్ల డ్యూటీ ఏం కాదు.

ఆరోగ్య కేంద్రానికి పోయినప్పుడు చీటీ మీద ఊపిరి అంకె వేయమని అడగండి. ఆక్సీమీటరు ఉందా, చిన్నపిల్లల పట్టీ ఉందా, బ్యాటరీ ఉందా, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా అని సమాచార హక్కు కింద మండలానికి ఒక దరఖాస్తు పెట్టండి. ఐదేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జ్వరం అని రాసిచ్చిన పాత చీటీలుంటే, అంకె ఉన్నా లేకున్నా, మా ఆఫీసుకి పంపండి. పేర్లు కొట్టేసి పంపినా పర్లేదు. పోగైనవన్నీ తీసుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరికి పోతాం. ఎవరెవరు వస్తారో ముందుగా కబురు చేయండి.

ఆ తల్లి తన చీటీ తిరిగి ఇవ్వమంది. బిడ్డ పేరు రాసున్న కాగితం ఇంట్లో అదొక్కటేనట. జిరాక్సు తీసి రేపు పంపుతున్నాం.